జిప్పులకు రాసే మైనం

"అమ్మా, తెర తియ్యి. గిరాకీ నిలబడి ఉన్నాడు," అని నాన్న మళ్ళీ అన్నాడు.

ట్రయల్‌రూము తెర కదల్లేదు. తెర కింద నాయనమ్మ చెప్పులు మాత్రం కనిపిస్తున్నాయి. రెండూ గోడవైపు తిరిగి ఉన్నాయి.

గిరాకీ అంటే ఒక హోటల్ వెయిటరు. కొత్త తెల్లకోటు వేసి చూసుకోవడానికి వచ్చాడు. ఆ కోటుకి ఇంకా గుండీలే కుట్టలేదు. గుండీలు కుట్టాల్సింది తెర వెనక ఉన్న నాయనమ్మే.

"నాకేం తొందర లేదండీ," అన్నాడతను. అంటూనే గోడ గడియారం వైపు చూశాడు.

కటింగ్ బల్ల మీద సుద్దముక్కల పక్కన గులాబీరంగు ప్లాస్టిక్ డబ్బా ఉంది. నాయనమ్మ పళ్ళు అందులో ఉన్నాయి. వాపు తగ్గేదాకా కింది వరస పెట్టుకోవద్దని పళ్ళ డాక్టరమ్మ చెప్పింది. పై వరస పెట్టుకోవచ్చంది. "కింద అంచు లేని గౌనుకి పైన కాలరెందుకు?" అని నాయనమ్మ ఆ కుర్చీలోనే రెండూ తీసి డబ్బాలో పెట్టేసింది. అప్పటినుంచి చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకునే ఉంది.

దారి పొడుగునా నాన్నతో గానీ నాతో గానీ మాట్లాడలేదు. మేము షాపులోకి వచ్చేసరికి తాత బల్ల కింద దొర్లిన సుద్దముక్క కోసం వంగి ఉన్నాడు. ఆయన తల ఎత్తేలోపల నాయనమ్మ పక్కకి తిరిగి తెర వెనక్కి వెళ్ళిపోయింది.

"ఏమందిరా డాక్టరమ్మ?" అని తాత అడిగాడు.

"వచ్చాక చెప్తాను నాన్నా. నువ్వు లైనింగు గుడ్డ తెచ్చెయ్, కొట్టు మూసేస్తారు," అన్నాడు నాన్న.

తాత అలా వెళ్ళాడు. ఇంట్లోకి వెళ్ళే తలుపు బల్లకి అవతల ఉంది. నాయనమ్మ ఆ సందు చూసుకుని లోపలికి వెళ్ళిపోయేదేమో. ఇంతలో వెయిటరు వచ్చాడు, వెనకాలే అత్త వచ్చింది.

అత్త అంటే నాన్న అక్క. బస్టాండులో మైకులో బస్సులు పిలిచే ఉద్యోగం. ఆమె గుసగుసలాడినా వీధి చివరికి వినపడుతుంది. తాత ఆమెకి 'మైకు' అని పేరు పెట్టాడు. తాత అందరికీ పేర్లు పెడతాడు. నేను ఎక్కువ మాట్లాడను, నడిచినా వినపడదు. అందుకని నన్ను 'చప్పుడు' అంటాడు.

"కొవ్వొత్తి తిన్నావటే అమ్మా?" అంది అత్త, తెరకి ఎదురుగా నిలబడి. "తమ్ముడు ఫోన్లో చెప్పాడు. డాక్టరు నీ పళ్ళ కిందనుంచి మైనం గీకి తీసిందట. ఎవరైనా నోట్లో మైనం పెట్టుకుంటారా?"

తెర కింద చెప్పులు గోడకి ఇంకాస్త దగ్గరగా జరిగాయి.

అమ్మ మిషన్ మీదనుంచి లేవకుండానే, "మెల్లగా వదినా. వీధిలో వాళ్ళకి కూడా టిక్కెట్లు ఇస్తారా?" అంది.

"నేను మెల్లగానే అంటున్నాను అమ్మాయ్."

వెయిటరు నేలవైపు చూసి నవ్వు ఆపుకున్నాడు.

ఇందాక క్లినిక్కులో జరిగింది నాకు ఇంకా కళ్ళకి కట్టినట్టే ఉంది.

కిందటేడు నాయనమ్మ పళ్ళన్నీ ఊగిపోతే డాక్టరమ్మ అన్నీ తీసేసింది. కింది వరసలో రెండు కోరపళ్ళ వేర్లు మాత్రం తియ్యలేదు. పంటిని చిగురు దాకా కోసేసి, వేరుని అలాగే ఉంచి, దాని నెత్తిన చిన్న బొడిపె బిగించింది. పళ్ళసెట్టు అడుగున దానికి సరిపోయే గుంటలు ఉన్నాయి. సెట్టు పెట్టి నొక్కితే ఆ బొడిపెలు గుంటల్లో కూర్చుంటాయి. డాక్టరమ్మ చేతులు తిప్పి తిప్పి చెప్తుంటే నాయనమ్మ మధ్యలోనే, "అర్థమైందమ్మా, టిచ్‌బటన్," అంది. డాక్టరమ్మ నవ్వి, అప్పటినుంచి మిగతా రోగులకి కూడా అలాగే చెప్తోందట.

ఈరోజు ఆమె నవ్వలేదు. సెట్టు తీసి వెలుతురులోకి తిప్పింది. సన్నటి కొక్కెంతో గుంటలోంచి తెల్లటి ముద్ద ఏదో లాగింది. దాన్ని వేళ్ళ మధ్య నలిపి వాసన చూసింది.

"ఇది మైనంలా ఉందే! ఇంట్లో దీనికి ఏమైనా రాస్తున్నారా అమ్మా?"

నాయనమ్మ నోరు తెరిచే ఉంది కాబట్టి జవాబు చెప్పలేకపోయింది. మూసిన తర్వాత కూడా చెప్పలేదు.

"ఈ మైనం చుట్టూ తిండి పట్టేసింది. గుంట సరిగ్గా కూర్చోక సెట్టు ఒక పక్కకి ఊగి చిగురు వాచింది. ఎడమవేపు వేరు కదులుతున్నట్టుంది," అని డాక్టరమ్మ నాన్నతో చెప్పింది. "ఇప్పుడే తియ్యను. సోమవారం చూస్తాను. అప్పటిదాకా సెట్టు పెట్టద్దు. రోజూ ఈ మెత్తటి బ్రష్షుతో ఆ రెండు బొడిపెల చుట్టూ తోమాలి. ఒక మనిషి టార్చి పట్టి చూసి తోమితే మంచిది, ఆమెకి ఆమె తోముకుంటే మూల అందదు. గట్టిపడితే ఉంచుదాం. లేకపోతే తీసెయ్యాలి."

"ఎలాగూ ఇంత గొడవ కదా, రెండూ తీసేస్తేనో?" అన్నాడు నాన్న.

"తియ్యడం సులభమే. కానీ వేరు ఉన్నంతకాలం దవడ ఎముక దాన్ని పట్టుకుని నిలబడుతుంది. వేరు పోతే ఎముక మెల్లగా అరిగిపోతుంది. ఆ తర్వాత ఎంత మంచి సెట్టు కట్టినా కింద జారుతూనే ఉంటుంది. అప్పుడు ఎముకలోకి మరలు దింపి కట్టాలి. ఉన్న వేరుని పోగొట్టుకుని మర కోసం వెతకడం ఎందుకు?" అంది. తర్వాత నాయనమ్మ భుజం మీద చెయ్యి వేసి, "రాత్రిళ్ళు తీసి పడుకోమని చెప్పాను కదమ్మా. తీస్తున్నారా?" అని అడిగింది.

నాయనమ్మ తల ఊపింది. అది అవునో కాదో ఎవరికీ తెలియలేదు.

"పీకించేయండిరా రెండూ," అంటోంది అత్త ఇప్పుడు, తెర ముందు నిలబడే. "ఆ బొడిపెలూ, బ్రష్షులూ, టార్చి లైట్లూ ఈ వయసులో అవసరమా? మా డిపోలో అందరి పెద్దవాళ్ళూ మామూలు సెట్లే పెట్టుకుంటారు."

"నాకూ అదే మంచిదనిపిస్తోంది," అన్నాడు నాన్న.

మిషన్ ఆగింది. అమ్మ సూది కింద గుడ్డని అలాగే వదిలి ఇటు తిరిగింది.

"ఎవరి నోరండీ అది? ఆవిడ దారం తెంపుతుంటే చూశారా ఈ మధ్య? వద్దన్నా తెంపుతూనే ఉంటారు. ఆ వేర్లు ఉండబట్టే దారం పళ్ళ మధ్య ఎక్కడుందో తెలుస్తోందని ఆవిడే చెప్పారు నాకు. మామూలు సెట్టయితే చెక్కతో కొరికినట్టు ఉంటుందట. ఉన్నదాన్ని పీకించి ఆవిడని చెక్క చేస్తారా?"

"నువ్వెప్పుడూ మీ అత్తగారి పక్షమే," అంది అత్త.

"ఊళ్ళో కోడళ్ళందరికీ చెప్పండి వదినా, నన్ను తిట్టుకుంటారు."

"మా హోటల్లో వంటాయన ఒకడు అన్నీ పీకించుకున్నాడండీ," అని వెయిటరు మధ్యలో అందుకున్నాడు. "ఇప్పుడు తను వండింది తనే తినలేడు. మమ్మల్ని రుచి చూడమంటాడు." అందరూ తనవైపు చూసేసరికి, "ఊరికే చెప్పానండీ," అని మళ్ళీ గడియారం వైపు తిరిగాడు.

వాళ్ళు అలా వాదించుకుంటుండగా నేను తెర పక్కనుంచి లోపలికి దూరాను. ఎవరూ చూడలేదు. నా పేరు ఒక్కోసారి అలా పనికొస్తుంది.

లోపల చోటు తక్కువ. నాయనమ్మ స్టూలు మీద కూర్చుని ఉంది. నిలువుటద్దం మీద ఎవరిదో సగం కుట్టిన చొక్కా వేలాడదీసింది. అద్దంలో ఏమీ కనిపించకుండా చొక్కా చేతులు రెండూ వెడల్పుగా పరిచింది.

"నువ్వేనా?" అంది రుమాలు వెనకనుంచి. పళ్ళు లేక ఆమె మాటలు మెత్తగా, అంచులు కుట్టని గుడ్డలా వచ్చాయి.

నేను కింద కూర్చుని ఆమె మోకాలికి ఆనుకున్నాను.

"తాత వచ్చాడా?"

"లేదు."

"ఆ వెయిటరు పోతే లోపలికి పోతాను. మీ అత్తని కూడా ఎటైనా పంపించు."

"అత్తని నేను పంపించగలనా?"

"అదీ నిజమే," అంది. రుమాలు కొంచెం కదిలింది. నవ్విందేమో.

అడగాలా వద్దా అని కాసేపు ఆలోచించాను. అప్పుడు అడిగాను.

"నాయనమ్మా, జిప్పులకి రాసే కొవ్వొత్తేనా?"

మా షాపులో కొత్త జిప్పు బిగుసుకుంటే దాని పళ్ళ మీద కొవ్వొత్తి ముక్కతో రాస్తాం. రెండుసార్లు అటూ ఇటూ లాగితే జిప్పు చప్పుడు లేకుండా జారుతుంది. ఆ ముక్క గుండీల డబ్బాలో ఉంటుంది. ఈ మధ్య అది నాయనమ్మ దిండు కింద ఉండడం పక్కబట్టలు మార్చేటప్పుడు చూశాను. మరిచిపోయి పెట్టిందనుకుని మళ్ళీ డబ్బాలో వేశాను. తర్వాత మళ్ళీ దిండు కిందే ఉంది.

నాయనమ్మ రుమాలు అంచుని వేళ్ళతో మడత పెడుతూ కూర్చుంది. చేతికి పని లేకపోతే ఆమె ఏ గుడ్డ అంచునైనా మడత పెడుతుంది.

"టిక్కుమంటుందే అది," అంది చివరికి. "పగలు మిషన్ల రొదలో వినపడదు. రాత్రి అంతా సద్దుమణిగాక, తీస్తే టిక్కు, పెడితే టిక్కు. మీ తాతకి చీమ నడిచినా మెలకువ వస్తుంది."

"వస్తే?"

"లేచి చూస్తాడు కదా."

"చూస్తే?"

"చూస్తే చూసినట్టే ఉంటుంది."

బయట అత్త, "వయసు మీద పడ్డాక పంతాలెందుకు?" అంటోంది. నాయనమ్మ ఆ మాట వినిపించనట్టే కూర్చుంది.

"చిగురు సలిపినప్పుడు కాసేపు తీసేదాన్ని. అప్పుడే కాస్త మైనం రాసి మళ్ళీ పెట్టుకునేదాన్ని. జిప్పుకి పనికొచ్చింది టిచ్‌బటన్‌కి ఎందుకు పనికిరాదు అనుకున్నాను." కొంచెం ఆగింది. "పనికొచ్చింది కూడా. చప్పుడు తగ్గింది."

"డాక్టరమ్మకి చెప్పచ్చు కదా."

"ఏమని? మా ఆయన ముందు నోరు దాచుకుంటున్నానని చెప్పనా? ఆమె నాకంటే ఎంత చిన్నది!"

తెర కింద అత్త కాళ్ళు అటూ ఇటూ తిరుగుతున్నాయి.

"నన్ను కత్తెర అనేవాడు," అంది నాయనమ్మ. "నీకు గుర్తుందా? 'ఒరేయ్, ఆ కోటు మన కత్తెరకివ్వరా' అనేవాడు. కత్తెర తీసి, దారం చూసుకుని, కత్తిరించేలోపల నేను పంటితో తెంపేసేదాన్ని. ముందు పంట్లో దారం నడిచీ నడిచీ చిన్న గాటు పడింది. డాక్టరమ్మ మొదటిసారి నా నోరు చూసి, మీరు బట్టలు కుడతారా అని అడిగింది. ఇంటికొచ్చి మీ తాతకి చెప్తే ఎంత మురిసిపోయాడో!"

"గుర్తుంది."

"పళ్ళు పోయాక ఒక్కసారి కూడా ఆ మాట అనలేదు. ఒకరోజు బుల్లి కత్తెర ఒకటి తెచ్చి నా ముందు పెట్టాడు. ఒక్క మాట లేదు. పెట్టేసి వెళ్ళిపోయాడు." నాయనమ్మ రుమాలు మడత విప్పి మళ్ళీ మొదటినుంచి మడవసాగింది. "ఆ మనిషి ముందు నేను బోసినోరు వేసుకుని పడుకోవాలా?"

"మరి సోమవారం?"

"పీకించేస్తాను. రెండూ."

"అమ్మ వద్దంటోంది. డాక్టరమ్మ కూడా..."

"పీకించేస్తే టిక్కు ఉండదు కదా," అంది నాయనమ్మ.

అప్పుడే వీధి తలుపు గంట మోగింది. తాత వచ్చాడు. నాయనమ్మ నా భుజం పట్టుకుంది. వేళ్ళు బిగుసుకున్నాయి.

"ఏంటి అందరూ ఇలా నిలబడ్డారు? కరెంటు పోయిందా?" అన్నాడు తాత. లైనింగు చుట్టని బల్ల మీద దించిన చప్పుడైంది. "బాబూ, నీ కోటు ఇంకా అవలేదా? మా వాళ్ళు మాటలతో కుట్టేస్తే ఈపాటికి అయిపోయేది."

ఎవరూ నవ్వలేదు.

"నాన్నా, కూర్చో," అన్నాడు నాన్న.

"కూర్చునేంత విషయమా?"

నాన్న ఎలా మొదలుపెట్టాలా అని గొంతు సవరించుకున్నాడు. అత్త ఆగలేకపోయింది.

"అమ్మ పళ్ళకి మైనం రాసుకుంటోందట నాన్నా! జిప్పులకి రాసే కొవ్వొత్తి! దానివల్లే చిగురు వాచిపోయిందట. ఎడమ వేరు ఊగుతోందట. సోమవారానికి గట్టిపడకపోతే తీసెయ్యాలంది డాక్టరు. ఎందుకు రాశావంటే ఒక్క ముక్క చెప్పదు, అదిగో, అందులో కూర్చుంది."

బల్ల కిర్రుమన్న చప్పుడైంది.

నేను తెర అంచు కొద్దిగా జరిపి చూశాను. తాత వెయిటరు పక్కనున్న బల్ల మీద కూర్చుని ఉన్నాడు. ఎప్పుడూ అలా గిరాకీలు కూర్చునే చోట ఆయన కూర్చోడు. మెడలోని టేపు తీసి చేతికి చుట్టుకుంటున్నాడు. చుట్టి మళ్ళీ విప్పాడు.

"మైనమా?" అన్నాడు. "మైనం వల్లా?"

"అవును నాన్నా."

ఆయన ముఖం వాడిపోయింది. నాయనమ్మ మీద కోపమేమో అనుకున్నాను. కాదు. కోపం వస్తే తాత జోకులేస్తాడు.

కాసేపటికి లేచాడు. గుండీల డబ్బాలోంచి తెల్ల గుండీలు ఏరాడు. సూదికి దారం ఎక్కించాడు. ఆయన కళ్ళకి సూది బెజ్జం ఆనడం ఈమధ్య కష్టంగా ఉంది, చాలాసేపు పట్టింది. ఎవరూ సాయం చెయ్యబోలేదు. కోటు, సూది, గుండీలు పట్టుకుని తెర దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. నేను వెనక్కి జరిగాను.

"ఏమే," అన్నాడు. "కోటుకి గుండీలు మిగిలాయి. ఆ అబ్బాయి పనికి పోవాలి."

తెర కిందనుంచి నాయనమ్మ చెయ్యి బయటికి వెళ్ళింది. కోటు లోపలికి వచ్చింది.

ఆమె కుట్టింది. నేను గుండీలు అందించాను. బయట అమ్మ మిషన్ తొక్కలేదు, అత్త మాట్లాడలేదు. దారం గుడ్డలోంచి లాగిన చప్పుడు కూడా వినపడింది. ఆఖరి గుండీ కుట్టి, ముడి వేసి, నాయనమ్మ అలవాటుగా కోటుని నోటి దగ్గరికి తీసుకెళ్ళింది. అక్కడే ఆగిపోయింది.

మెల్లగా దించింది. దారం తెంపకుండా, సూది వేలాడుతుండగానే కోటుని తెర కిందనుంచి బయటికి తోసింది.

తాత ఆ వేలాడే దారం వైపు చూస్తున్నాడని చూడకపోయినా నాకు తెలుసు.

"దారం తెంపలేదే," అన్నాడు.

"కత్తెర లేదిక్కడ," అంది నాయనమ్మ.

తాత తెరకి కొంచెం దగ్గరగా వచ్చాడు. ఆయన చెప్పుల మొనలు తెర లోపలికి వచ్చాయి.

"సెట్టు కట్టినప్పుడే డాక్టరమ్మ నన్ను పక్కకి పిలిచి చెప్పింది," అన్నాడు మెల్లగా. "పళ్ళతో దారం తెంపనివ్వద్దంది. ఒకే పక్క లాగితే వేరు మీద బరువు పడుతుందట. ఆ పేరు పెట్టి పిలిస్తే నీ నోరు దారం మీదకి పోతుందని మానేశాను. ఎన్నిసార్లు నాలిక చివరిదాకా వచ్చిందో నాకే తెలుసు."

నాయనమ్మ కళ్ళు తెర మీదే ఉన్నాయి.

"చెప్పచ్చు కదా," అంది.

"చెప్తే వినే మనిషివా? కత్తెర తెచ్చి పెడితే దాంతో సుద్ద చెక్కావు."

నాన్న చిన్నగా దగ్గాడు. తాత అది పట్టించుకోలేదు.

"ఇంకోటి," అన్నాడు. "ఆ కొవ్వొత్తి నేనే పెట్టాను."

"ఏ కొవ్వొత్తి?"

"నీ దగ్గరున్నది. మొదటిది అరిగిపోతే గుండీల డబ్బాలో కొత్తది పెట్టాను. నీ చేతికి సరిపోయేట్టు చిన్నగా కోసి, అంచులు గుచ్చుకోకుండా చెక్కి పెట్టాను. మొదట్లో ఒక రాత్రి నువ్వు అటు తిరిగి ఏదో రాసుకోవడం చూశాను. నొప్పికి హాయిగా ఉందేమో, మందులా పనిచేస్తోందేమో అనుకున్నాను. అడిగితే నువ్వు ముడుచుకుపోతావని అడగలేదు." ఆయన చెప్పుల మొనలు కొంచెం వెనక్కి జరిగాయి. "నీ నోరు నేనే పాడుచేశాను."

నాయనమ్మ రుమాలు ఒళ్ళోకి జారింది. తీసుకోలేదు.

"మీరు నిద్రపోయేవారు కదా," అంది.

"నేనా?"

"మైనం రాసినా వినపడేదా?"

"ప్రతి రాత్రీ."

"మరి?"

"నువ్వు తీసిన చప్పుడు వినగానే గోడవైపు తిరిగేవాణ్ణి. మళ్ళీ పెట్టుకున్న చప్పుడయ్యాక ఇటు తిరిగేవాణ్ణి."

తెర కింద అత్త కాళ్ళు రెండడుగులు వెనక్కి వేశాయి.

నేను అలికిడి లేకుండా తెర పక్కనుంచి బయటికి వచ్చేశాను. ఆ రోజు మొదటిసారి అక్కడ నేను ఎక్కువయ్యాననిపించింది.

నాన్న బల్ల మీద ఉన్న కత్తెర తీసి కోటు దారాన్ని కత్తిరించాడు. వెయిటరు అద్దం అడగలేదు. వీధి కిటికీ గాజులో చూసుకుంటూ కోటు వేసుకుని, గుండీలు ఒక్కొక్కటే పెట్టుకున్నాడు. చాలా సరిపోయింది. వెళ్తూ వెళ్తూ తెర వైపు తిరిగి, "గుండీలు గట్టిగా ఉన్నాయండీ అమ్మగారూ," అన్నాడు. గంట మోగి తలుపు మూసుకుంది.

"వదినా, టీ పెడదాం రండి," అంది అమ్మ.

"నాకిప్పుడు టీ వద్దు."

"నాక్కావాలి. రండి."

అత్త మాట్లాడకుండా లేచింది. లోపలి తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, ఎప్పుడూ లేనంత మెల్లగా, "తాత ఏడుస్తున్నాడా?" అని నన్ను అడిగింది. నేను లేదన్నాను. నిజానికి నాకూ తెలియదు, ఆయన వీపు మాత్రమే కనిపిస్తోంది. వాళ్ళిద్దరూ వంటింటి దాకా వెళ్ళలేదు. గుమ్మం దగ్గరే ఆగిపోయారు.

నాన్న షట్టరు సగం దాకా దించాడు.

తాత చెయ్యి వెనక్కి చాపి, "చప్పుడూ, టార్చి ఇలా తే," అన్నాడు. "ఆ బ్రష్షు కూడా."

టార్చి మిషన్ సొరుగులో ఉంది. బ్రష్షు క్లినిక్కు ఇచ్చిన కవర్లోనే ఉంది. రెండూ ఆయన చేతిలో పెట్టాను.

తాత తెర ముందు నిలబడి, గిరాకీలని అడిగినట్టే అడిగాడు.

"రావచ్చా?"

తాత కదల్లేదు. గిరాకీ చెప్పేదాకా తెర తియ్యకూడదని మాకందరికీ నేర్పింది ఆయనే.

వీధిలో ఎవరిదో సైకిలు బెల్లు వినపడి దూరమైంది. తెర కింద నాయనమ్మ చెప్పులు గోడవైపునుంచి మెల్లగా ఇటు తిరిగాయి.

తెర అంచు ఒక పక్కకి కొంచెం జరిగింది. తాత లోపలికి వెళ్ళాడు. అంచు మళ్ళీ మూసుకుంది. ఇప్పుడు తెర కింద రెండు జతల పాదాలు, ఒకదానికొకటి ఎదురుగా ఉన్నాయి.

"అద్దం మీద చొక్కా తియ్యకండి," అంది నాయనమ్మ గొంతు.

"తియ్యను. నువ్వు చూసుకోనక్కర్లేదు. నేను చూస్తాను కదా."

"నవ్వకూడదు."

"నవ్వితే ఆ బ్రష్షుతో కొట్టు."

టార్చి వెలిగింది. తెర గుడ్డ మీద పచ్చటి వెలుగు గుండ్రంగా పడి కొంచెం వణికింది. బ్రష్షు రాసిన సన్నటి చప్పుడు మాత్రం వినపడుతోంది. గుమ్మంలో అమ్మ, అత్త పక్కపక్కనే నిలబడ్డారు. నాన్న షట్టరు కర్ర చేతిలోనే పట్టుకుని ఉన్నాడు.

"నొప్పా?"

"ఊఁ."

"నెత్తురు వస్తోందే కత్తెరా."

ఆ మాట విని బ్రష్షు కిందనుంచి నాయనమ్మ ఒక వింత చప్పుడు చేసింది. నవ్వో ఏడుపో బయట ఉన్నవాళ్ళకి తెలియలేదు.

"మొదట్లో వస్తుందంది డాక్టరమ్మ. మీరు కానివ్వండి."

మళ్ళీ బ్రష్షు చప్పుడు. తర్వాత అదీ ఆగింది.

"కుడిది గట్టిగానే ఉన్నట్టుంది," అన్నాడు తాత. "ఎడమది... ఎడమది కదులుతోందా?"

నాన్న ఒక అడుగు ముందుకి వేశాడు. అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"నాకు తెలియడం లేదు," అంది నాయనమ్మ. "మీరే పట్టుకుని చూడండి."

తెర మీద వణుకుతున్న వెలుగు కదలకుండా ఆగిపోయింది.